నేను పారిస్ రావడం లేదు

ఒల్యావ్, పోర్చుగల్
26 ఏప్రిల్ 1975

నా అబీలియోకి,

బోలెడు ముద్దులు. పాప బాగుంది. కోప్పడకుండా చదువు. వచ్చే నెల నేనూ పాపా పారిస్ రావడం లేదు.

నిన్న ఓట్లు, దాదాపు యాభై ఏళ్ల నియంతల పాలన పోయాక మొదటిసారి. మీ అమ్మ తెల్లవారకముందే లేచి, పెళ్లిళ్లకి కప్పుకునే శాలువా కప్పుకుని కూర్చుంది. మేం వెళ్లేసరికి బడి దగ్గర మొదలైన వరుస చేపల మార్కెట్ దాకా పాకింది. నాతో ఫ్యాక్టరీలో చేపలు డబ్బాల్లో సర్దే ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. కాసేపటికి మా యజమాని వచ్చి మా వెనకే నిలబడ్డాడు. అత్తయ్య అలవాటుగా పక్కకి తప్పుకోబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయనే టోపీ తీసి, మీరే ముందు అన్నాడు.

"కాళ్లు నొప్పెడుతున్నాయా నాయనా? మాకైతే అలవాటే" అంది అత్తయ్య. వరుసంతా నవ్వింది, ఆయనతో సహా.

ఆవిడకి చదువు రాదుగా, గుర్తు చూసి వేసింది. ఎవరికి వేశావని అడిగితే, "నీకెందుకే? ఎవరికీ చెప్పక్కర్లేదని రేడియోలో చెప్పారు" అని గడ్డం ఎగరేసింది. నేను బడి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. సంతోషానికే.

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాటొకటి ఉంది. రెండేళ్ల కిందట నీ దగ్గరికి వచ్చినప్పుడు, రొట్టెల కొట్టామె మీది ఏ దేశమని అడిగితే నువ్వు తల దించుకుని ఇటలీ అన్నావు. గుండెలో ముల్లు దిగినట్టయింది. కానీ నిన్నేమనను? మనసులో మాట చెప్పుకునే హక్కు కూడా లేని దేశం మనదని నాకూ అదే సిగ్గు. వచ్చేస్తానన్నది అందుకే. నిన్నటితో ఆ సిగ్గు పోయింది. నేనిక్కడే ఉంటాను. నువ్వు రా.

నీ
దెయొలిందా

పారిస్
5 మే 1975

దెయొలిందా బంగారం,

కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఉత్తరం జేబులో పెట్టుకుని పనిలోకెళ్లి గోడ వంకరగా కట్టాను. మేస్త్రీ దాన్ని కూల్చి మళ్లీ కట్టించాడు. భోజనాల దగ్గర ఆయనే పేపర్ చూపించి, "వందకి తొంభై మంది ఓటేశారటగా మీవాళ్లు! మా దగ్గర అంతమంది మంచం కూడా దిగరు" అన్నాడు. కూలీలందరూ నావైపు తిరిగారు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. మా అమ్మా మా ఆవిడా కూడా వేశారని చెప్పాను.

శనివారం రైలెక్కుతున్నాను. గోడలు కట్టేవాడికి మన ఊళ్లో పని దొరక్కపోదు. నువ్వు మాత్రం ఒక్క పని చెయ్యి. మళ్లీ ఓట్లు ఎప్పుడో కనుక్కుని ఉంచు. ఇంట్లో ఓటెయ్యని పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

నీ
అబీలియో