ఎడమ పక్క స్పీకరు

ఆదివారం, మార్చి 9

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు అని మొదలుపెట్టాలి కదా. మొదటి సగం అబద్ధం, రెండో సగం నువ్వు తెలపవు. ఫోన్ ఎత్తవు, మెసేజ్ చూసీ చూడనట్టు ఊరుకుంటావు. ఉత్తరమైతే చించి పారేసే ముందు ఒక్కసారైనా చదువుతావని రాస్తున్నాను.

నువ్వు అలిగి వెళ్లినప్పటి నుంచి ఆ గది అలాగే ఉంది. పాత ప్రొజెక్టరు, మూసేస్తున్న కొట్లోంచి నువ్వు బేరమాడి తెచ్చిన ఆంప్లిఫైయరు, ఒకదానికొకటి పోలిక లేని స్పీకర్లు. తెర కొనే స్తోమత లేక గోడకే తెల్ల రంగు వేశాం. మీ బావ తన టైలరింగు కొట్లో మిగిలిన మందపాటి గుడ్డలన్నీ కలిపి పరదాలు కుట్టారు. సగం సూటు గుడ్డ, సగం సోఫా గుడ్డ. ఇంట్లో సినిమా హాలు ఆయనకి ఎన్నేళ్ల కోరికో నీకు తెలుసు. అందుకే ఆ రోజు అంత చిన్నబుచ్చుకున్నారు.

శబ్దమంతా కుడి నుంచే వస్తోంది, ఎడమ పక్క స్పీకరు మోగడం లేదని ఆయన. మోగుతోందని నువ్వు. నాకూ వినిపిస్తోందంటే, తమ్ముడి మీద ప్రేమ నీ చెవుల్లోకి కూడా ఎక్కిందా అన్నారు. చెవిలో గుబిలి తీయించుకో బావా అని నువ్వు నవ్వావు. అంతే, ఆయన నోరు జారారు. పాడైన సామాను అంటగట్టి మా డబ్బు తిన్నావన్నారు. సెలవులన్నీ మా ఇంటి గోడలకి వైర్లు బిగించడానికే పెట్టిన నిన్ను పట్టుకుని! నువ్వు స్క్రూడ్రైవరు కింద పెట్టి, వడ్డించిన అన్నం వదిలేసి వెళ్లిపోయావు. 

నువ్వెళ్లాక ఆయన పట్టుదలగా స్పీకర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూశారు. అయినా అంతా కుడి నుంచే. చివరికి విసుగొచ్చి కుర్చీ వెనక్కి తిప్పి, గోడకి వీపు పెట్టి కూర్చున్నారు. ఇంతసేపూ మూగదన్న స్పీకరు మోగింది, బాగున్నది మూగబోయింది. ఆయన ఇక లేవలేదు. ఏమైందని అడిగితే, లోపం వాడి సామాన్లో లేదే అన్నారు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆసుపత్రిలో చూపించాం. ఆయన ఎడమ చెవి లోపల చిన్న గడ్డ ఉందట. ఆ చెవి ఇక రాదట గానీ గడ్డ మాత్రం ఆపరేషన్ చేసి తీసేస్తారట. రిపోర్టులు పట్టుకుని ఆయనే డాక్టరు గదిలోకి వెళ్లారు, నన్ను బయటే కూర్చోమన్నారు. తిరిగొచ్చి, ఒక చెవి పోతే పోయింది, నీ సణుగుడు సగమే వినొచ్చు అన్నారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి కొళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

గుబిలి అన్న మాట గుర్తొచ్చి నువ్వు కుమిలిపోతావని తెలుసు. వద్దురా. మనలో ఎవరికి తెలుసు? నిన్ను పిలవాలని ఆయనకీ ఉంది, మొహం చెల్లడం లేదు. కోపం తీరకపోతే వచ్చి పోట్లాడు. మీరిద్దరూ మాట్లాడుకోని ఇంట్లో నాకు ముద్ద దిగడం లేదు.

రేపు కొట్టుకి వెళ్తూ పోస్టు చేస్తానని మీ బావ ఇందాకటి నుంచీ చెయ్యి చాపి నిలబడ్డారు. ఉంటాను.

ఇట్లు,
గుమ్మం వైపే చూస్తున్న
మీ అక్క

తా.క. బావమరిదీ, ఇది నా చేతిరాత. కవరు అంటించే పని నాకు పడింది కాబట్టి ఇంత చోటు దొరికింది.

ఆపరేషన్ లేదురా. ఆ దశ దాటిపోయిందన్నారు. ఈ ఎండాకాలం గడిస్తే గొప్పట. మీ అక్కకి చెప్పే ధైర్యం నాకు లేదు, నువ్వు పక్కనుంటే చెప్తాను. ఆ రోజు నిన్నన్న మాటకి నా నాలుక కోసినా తప్పు లేదు. క్షమించకపోయినా సరే, రా.

నీతో ఒక పనుంది. గది సెట్ చేసేటప్పుడు చిన్న మైకు ఒకటి పెట్టావు. అది ఎక్కడ పెడితే అక్కడ కూర్చున్నవాళ్లకే శబ్దం సరిగ్గా కుదురుతుందన్నావు. అప్పుడు పట్టుబట్టి నా కుర్చీలో పెట్టించుకున్నాను. ఈసారి వచ్చి, మీ అక్క కూర్చునే చోట పెట్టు.