మల్లన్న ఆగుతాడు, మాత్ర ఆగదు

గురువారం రాత్రి, కాశీబుగ్గ

మాత్ర మింగడానికి ముహూర్తం చూడమని ఏ శాస్త్రం చెప్పింది? సాయంత్రం నా గీతా ప్రవచనం ముగిశాక, జీడి ఫ్యాక్టరీలో పనిచేసే పార్వతి చంటిబిడ్డతో వచ్చి, నిన్న కండోమ్ చిరిగిందని చెవిలో చెప్పింది. మొన్నటి కాన్పు ఆపరేషన్‌తో అయింది. అప్పుడే మళ్లీ కడుపొస్తే ఒళ్లు తట్టుకోలేదని డాక్టరమ్మ హెచ్చరించింది. గర్భం రాకుండా మూడు రోజుల్లోపు, ఎంత త్వరగా అయితే అంత త్వరగా వేసుకోవాల్సిన మాత్ర ఉందని చెప్పాను.

"సోమారం రావివలస ఎల్లి, మల్లన్నకి మొక్కి, అప్పుడేసుకుంతాను పిన్నీ."

"ఆలీసమైతే పనిసెయ్యదే! కిట్టుడు అర్జునుణ్ణి లెమ్మన్నాడు గానీ సోమారం దాకా ఆగమన్నాడేటి?"

నవ్వేసింది. వెంటనే మందుల షాపుకి తీసుకెళ్లాను. అక్కడే మింగింది. నెల తప్పితే పరీక్ష చేయించాలి. అంతా మంచే జరుగుతుందని నా నమ్మకం.

కానీ ఇంకెందరు ఇలా సోమవారం కోసం ఆగుతున్నారో... అమ్మా, మల్లన్న ఎక్కడికీ పోడు. మొక్కు తర్వాత. మాత్ర ఈరోజే. లే!