గిరిజక్క చేతుల మీద పచ్చటి మరకలు

బెంగళూరు

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు సలోమి వందనాలు. నువ్వు, వదిన, పిల్లలు కులాసాయేనా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, ఫోన్లో మళ్లీ "చిక్కిపోయావే" అనొద్దని వదినకు చెప్పు. పొద్దున్నే చలి. సాంబారులో బెల్లం వేస్తారు, మీరు పంపిన పండుమిరప పచ్చడే కాపాడుతోంది. ఆదివారం చర్చిలో పాటలన్నీ కన్నడంలో పాడుతుంటే మాత్రం ఊరు గుర్తొస్తుంది.

పని ఎలా ఉందని అడిగావు. వినికిడి లేని పిల్లలకు మేము తెలుగులో లెక్కల పాఠాలు తయారు చేస్తాం. కంప్యూటర్ తెర మీద చేసే లెక్కంతా రికార్డవుతుంది. మూలన చిన్న గడిలో గిరిజక్క దాన్నే సైగలతో చెబుతుంది. ఆమెకూ పుట్టుకనుంచి వినపడదు. రెండూ కలిపి ఒక్క వీడియోగా ఎక్స్‌పోర్ట్ చేయడం నా పని.

పోయిన వారం భిన్నాల పాఠం ఎక్స్‌పోర్ట్ చేస్తే గిరిజక్క చేతుల మీద గళ్లు గళ్లుగా పచ్చటి మరకలు. మళ్లీ చేస్తే మరకలు ఇంకోచోట. మా మేనేజరుది గురజాల. "ఏందమ్మా ఇది? రేపు బడులకు పంపాల. ఆ గడి తీసేసి కింద అక్షరాలు ఏసెయ్," అన్నారు.

"చిన్నపిల్లలు సార్, అంత గబగబా చదవలేరు. ఆ చేతులు లేకపోతే వాళ్లకి పాఠమే లేదు. సాయంత్రం దాకా ఆగండి."

"సాయంత్రం దాకానే. చానా ఆలస్యమైంది ఇప్పటికే."

గిరిజక్క తనదే తప్పనుకుని, మళ్లీ రికార్డు చేస్తానని సైగ చేసింది. వద్దన్నాను. అసలు రికార్డింగు తెరిచి ఇద్దరం చూశాం, శుభ్రంగా ఉంది. అంటే ఎక్స్‌పోర్ట్‌లోనే చెడుతోంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను, వేరే డిస్కులో సేవ్ చేశాను. మరకలు పోలేదు. అప్పుడు కంప్యూటర్‌లో బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు మీద అనుమానం వచ్చింది. పని త్వరగా అవుతుందని ఎక్స్‌పోర్ట్ దానికి అప్పజెప్పాం. ఆ సెట్టింగు తీసేసి మామూలు ప్రాసెసర్‌తో చేయించాను. నత్తనడకే, అన్నానికి కూడా లేవలేదు. కానీ సాయంత్రానికి వచ్చిన వీడియోలో ఒక్క మరక లేదు.

గిరిజక్క మొత్తం చూసి, రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించింది. వాళ్ల చప్పట్లు అలాగే ఉంటాయి. మేనేజరు గారు కూడా, "ఇక అన్నీ ఇట్టానే తియ్ తల్లీ, నిదానమైనా పర్లా," అన్నారు. నాకు ఈ పని వచ్చు అన్నయ్యా. ఇక్కడ నిలబడతాను, బెంగపెట్టుకోకండి.

ఆ పాఠం వదిన ఫోనుకు పంపాను. పక్కింటి రూబేను మామ కూతురు కీర్తన వినపడక బడిలో ఊరికే కూర్చుని వస్తోందట కదా, దానికి చూపించు. సైగల భాష దానికెవరూ నేర్పలేదు, మొదట తికమకపడుతుంది. ఎక్కడ అర్థం కాలేదో తెర మీద వేలు పెట్టి చూపించమను. అది నువ్వు నాకు చెబితే, ఆ ముక్క గిరిజక్కతో నిదానంగా మళ్లీ చెప్పిస్తాను.

అమ్మకు, రూబేను మామకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

నీ చెల్లెలు,
సలోమి