పదమూడో ఫారం

డెబ్భై రెండో ఏట అడుగుపెట్టిన గ్రంథకర్తనైన నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఈ వీలునామా స్వయంగా రాస్తున్నాను. టైపు చేయిస్తానంది కూతురు. వద్దన్నాను. నా మాటకూ చదివేవాళ్ళకూ మధ్య ఇక ఏ యంత్రాన్నీ రానివ్వను.

1. నా ఇల్లు, సామాను, యావత్తు స్థిరచరాస్తులు నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యతా ఆమెదే.

2. నా ఆత్మకథ మిగిలిన ప్రతులు ఎవరికీ ఇవ్వరాదు. పదహారేసి పేజీల ఫారాలు కలిపి కుట్టేటప్పుడు పన్నెండోది రెండుసార్లు పడింది, పదమూడోది అసలు పడలేదు. ఇస్త్రీపెట్టె ఆపకుండా వదిలేసి నాన్న టైలరింగ్ షాపు తగలబెట్టిందని ఇంటిల్లిపాదీ అక్కను దుమ్మెత్తిపోయడం పన్నెండో ఫారంలో ఉంది. వదిలేసింది నేనని ఒప్పుకున్నది పదమూడో దాంట్లో. అరవై ఏళ్ళు నోరు మూసుకుని, ఎలాగో కూడగట్టుకుని రాసిన పేజీలవి.

3. ప్రెస్సు యజమానికి నా కళ్ళజోడు. “పోనీండి సార్, తప్పొప్పుల పట్టికలో వేసేద్దాం” అన్నాడు మహానుభావుడు. పదహారు పేజీలు ఏ పట్టికలో పడతాయో ఆ జోడు పెట్టుకుని చూసుకోమనండి.

4. బైండరుకు నా చేతిగడియారం. అతను మొదటి ప్రతి కుట్టి, సరిచూసి సంతకం పెట్టమని నాకే పంపాడు. ఆ పేజీలు మళ్ళీ చదివే ధైర్యం లేక, తెరవకుండానే సంతకం పెట్టాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తిట్లన్నీ అతనే తిన్నాడు. అప్పుడు అక్క, ఇప్పుడు ఇతను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

5. అక్కకు పదమూడో ఫారం చేతిప్రతి. నాన్న తను పోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. పుస్తకం చదివి అక్క ఫోన్ చేసింది. “ఒకసారి చాల్లేదట్రా తమ్ముడూ, రెండుసార్లు తిట్టించావు” అని పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. వెళితే తలుపు తీయలేదు. ఉత్తరాలు విప్పకుండానే తిరిగొచ్చాయి. ఇంకేం చేయాలో నాకు తోచడం లేదు.

6. వీలునామా మనిషి పోయాక తెరవడం రివాజు. అంతదాకా ఆగలేను. అక్కకు డెబ్భై ఆరు. సాక్షుల సంతకాలు కాగానే నా కూతురు ఈ కాగితం పట్టుకుని మేనత్త ఇంటికి వెళ్ళాలి. ఆమె తలుపు తీయకపోతే వీధిలోనే నిలబడి, ఇరుగుపొరుగు అందరూ వినేటట్టు చదవాలి: ఆ రోజు ఇస్త్రీపెట్టె ఆపకుండా ఆటకు పరిగెత్తింది నేను. అక్క కాదు.

మార్చి పదిహేడు, ఉదయం.

(సంతకం) ఆమె తమ్ముడు

సాక్షులు: ప్రూఫ్ రీడరు, పక్కింటి డాక్టరు