చల్లటి గదిలోనూ కాయని టమాటా

సునీతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మధ్యాహ్నం నీ ల్యాబ్ జూనియర్ హసీనా పంజాగుట్టలోని మా ఆఫీసుకొచ్చింది. నువ్వు సగంలో వదిలిన టమాటా ప్రయోగం తను పూర్తి చేసిందట.

అమీర్‌పేట హాస్టల్ గదిలో నేను జావా బట్టీపడుతుంటే నువ్వు చెప్పేదానివి: "ఎండ దెబ్బ తగిలితే మొక్కలో కొన్ని ప్రొటీన్లు పుట్టి, మిగతా ప్రొటీన్లు చెడిపోకుండా కాపాడతాయే. అవి ఎండకే పనికొస్తాయనుకుంటారు అందరూ. మామూలు రోజుల్లో పుప్పొడి తయారవడానికి కూడా అవే కావాలని నా నమ్మకం." మీ సారు ఒప్పుకోలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా నువ్వు మొక్కలకు నీళ్లు పోశారా అనే అడిగావు.

"జర ఇవి చూడు," అని హసీనా బ్యాగులోంచి ఫొటోలు తీసి చూపించింది. ఆ ప్రొటీన్లు తగ్గించిన మొక్కలు చల్లటి గదిలో కూడా పూశాయి గానీ కాయలేదు. పుప్పొడి చాలావరకు చచ్చిపోయింది.

"అక్క చెప్పిందే కరెక్ట్. సార్ సుత ఒప్పుకున్నడు. రీసెర్చ్ పేపర్ల అక్క పేరే ముందు పెట్టినం."

వెంటనే మీ అమ్మగారికి ఫోన్ చేశాను. ప్రొటీన్ల సంగతి ఆవిడకు అర్థం కాలేదు.

"మా సునీత చెప్పింది నిజమేనా అమ్మా?" అని అడిగారు.

నిజమేనన్నాను. ఇంకోసారి చెప్పమన్నారు.

నీ పద్మ