ఫిదెన్సియో భుజం

ప్వెబ్లా

నాన్నా, కట్టు విప్పారు. విరిగిన చెయ్యి అతుక్కుంది, వణకడం లేదు. నువ్వు నమ్మవని నేను తీసిన ఫొటోనే ఈ కార్డు మీద అచ్చు వేయించాను.

రాత్రి చర్చి గోపురం దీపాల ఫొటో తీద్దామని కెమెరా స్టాండు నిలబెడుతుంటే కాపలాదారు ఫిదెన్సియో వచ్చాడు. "మూడు కాళ్లకి పర్మిషన్ కావాలమ్మా, రెండు కాళ్లకి అక్కర్లేదు" అన్నాడు. స్టాండు మడిచేశాను. నా మొహం చూసి జాలిపడ్డాడు. "కెమెరా నా భుజం మీద ఆనించుకో తల్లీ. దీనికి పర్మిషన్ ఎవడూ అడగడు" అని స్తంభంలా నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మోలె కూరకి మన ఎండుమిరపకాయలు పంపమను. పిన్నికి ముద్దులు.

దీపాలు కాస్త చెదిరాయి కదా? "ఊపిరి తీసుకో తల్లీ, నా మీద కేసవుతుంది" అని సరిగ్గా మీట నొక్కేటప్పుడే ఫిదెన్సియో నవ్వాడు. కదిలింది ఆ భుజం నాన్నా, నా చెయ్యి కాదు.

యులాలియా