పురిటికి ఎవరు వెళ్ళాలి

ఆదివారం, మధ్యాహ్నం
మార్చి తొమ్మిది

చెల్లెమ్మకు,

అక్క దీవించి రాసేది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. నీ కుశలం నాకు తెలిసి ఏడాది కావస్తోంది. నా కుశలం నేను రాస్తే నువ్వు నమ్మవు. మీరంతా చల్లగా ఉండాలని మాత్రం రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. మరిదిగారికి నా నమస్కారాలు చెప్పు.

అసలు విషయం ముందే రాసేస్తాను, ఆలస్యమైతే ధైర్యం చాలదు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పురిటికి నేను వస్తానంటే ఫోనులో, "పిన్ని సరే అంటేనే రా అమ్మా. నన్నడగొద్దు. నాకు నీ మీద జాలేస్తుంది, ఆ జాలితో బిడ్డని నీ చేతికిచ్చేస్తాను" అంది. నా కడుపున పుట్టినదానికి ఎంత బుద్ధి వచ్చిందో చూడు. కాబట్టి సరే అనాల్సింది నువ్వు. అది అడగడానికే ఈ ఉత్తరం.

నేను మానేశాను. చలికాలం మొదట్లో మానేశాను, ఇవాళ్టి దాకా ముట్టలేదు.

ఆసుపత్రి లాండ్రీలో నా పని దుప్పట్లు మడతపెట్టడమని నీకు తెలుసు కదా. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని విదిలించి, ఎదురెదురుగా నడిచి, నా మూలలు ఎదుటామె చేతికిచ్చి, కింద వేలాడే మడత నేను అందుకోవాలి. ప్రతి దుప్పటికీ ముఖంలో ముఖం పెట్టాల్సిందే. నాకు జతగా ఉండే ఆవిడని అందరం కళ్ళజోడక్క అంటాం. ఆవిడ దగ్గరికి నడిచేటప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టేదాన్ని. బుగ్గన లవంగాలు ఉండనే ఉండేవి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనుకున్నాను.

ఒకరోజు మూలలు అందుకుంటూ, "ఏమేవ్, నోట్లో లవంగాల తోట వేశావా? వాసన ఆ చెట్లది కాదే, వాటికి పోసేదానిది" అంది. నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు. "నా మొగుడితో కాపురం చేసిన ముక్కే ఇది, దీన్ని మోసం చెయ్యలేవు" అంది.

ఆ దుప్పటి పట్టుకునే ఏడ్చాను. నాన్న సంగతంతా చెప్పాను. సాయంత్రం నాన్న రాగానే అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టి వాసన చూడమనేది గుర్తుందా? మామూలుగా ఉంటే "అమ్మా, ఆకలి" అనాలి. తాగి ఉంటే "అమ్మా, నిద్రొస్తోంది" అనాలి. అప్పుడు అమ్మ పొయ్యి ఆర్పి, దీపం తీసేసి మనిద్దర్నీ పడుకోబెట్టేది. నువ్వు ఆకలేస్తోందని ఏడిస్తే నీ నోరు నా అరచేత్తో మూసేదాన్ని. ఆ ఇంట్లో పెరిగినదాన్ని ఇంకెలా ఉంటానక్కా అన్నాను.

కళ్ళజోడక్క అంతా విని, "మీ నాన్న పోయి ఎన్నాళ్ళయింది?" అంది. ఇరవై ఏళ్ళు దాటిందన్నాను. "మరి ఈ ఇరవై ఏళ్ళూ ఎవరు పోశారే నీకు?" అంది.

నాకు వెంటనే కోపం వచ్చింది. పోయినేడు నువ్వూ ఇలాంటి మాటే అన్నావు. మీ ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి నేను ఒళ్ళు తెలియకుండా పడిపోయాను. గిన్నె మాడి, ఇల్లంతా పొగ. లేచాక నాన్న వల్లే ఇలా అయ్యానన్నాను. "నేనూ ఆ ఇంట్లోనే పెరిగానక్కా" అని నువ్వు నా సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టావు. అప్పటినుంచి నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. రాయి లాంటి మనసని అందరికీ చెప్పాను. నీది రాయి కాదు. ఆ రోజు నీ పిల్లలు పక్క గదిలో నిద్రపోతున్నారు.

ఆ వారమే కళ్ళజోడక్క నన్ను సాయంత్రాలు జరిగే మీటింగుకి తీసుకెళ్ళింది. ఆవిడ భర్త అక్కడే మానాడట. ఇనుప కుర్చీలు, చల్లారిన టీ. అందరూ మగవాళ్ళే. నేను మూల కుర్చీలో కూర్చుని మనసులో ప్రార్థన చేసుకునేదాన్ని. నా ప్రార్థన నీకు తెలుసుగా, "స్వామీ, నాచేత మాన్పించు" అని. అన్నేళ్ళూ ఆ పని కూడా ఆయన నెత్తినే వేశాను. తాగించింది నాన్న, మాన్పించాల్సింది దేవుడు. మధ్యలో నేను మహాపతివ్రతలా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మానేస్తే సుఖంగా ఉంటుందనుకున్నాను చెల్లీ. లేదు. పని నుంచి వచ్చి తలుపు తీస్తే గది నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుంది. ఇంతకుముందు ఏ బాధ ఎక్కడిదో తెలిసేది కాదు, ఇప్పుడు అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. మీ బావ పోయిన దుఃఖం కూడా ఇప్పుడే మొదలైనట్టుంది. ఇంత ఖాళీలో ఒక పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుంటే తప్ప బతకలేనేమో అనిపిస్తోంది. అందుకే అడుగుతున్నాను. నా ముఖం చూసి కాదు, అమ్మ ముఖం చూసైనా సరే అను.

నీ మేలు కోరే
అక్క

తా.క. మంగళవారం ఉదయం. ఆదివారం తపాలా పెట్టె దాకా వెళ్ళే ఓపిక లేక ఈ ఉత్తరం బల్ల మీదే ఉండిపోయింది. నిన్న సాయంత్రం తాగాను. దుఃఖం వచ్చి కాదు. నిన్న మంచిరోజు. డాక్టరు తేదీ చెప్పిందని అమ్మాయి సంతోషంగా ఫోను చేసింది. నేనూ సంతోషంగానే నడుచుకుంటూ కొట్టుకి వెళ్ళాను. ఎవరూ పొమ్మనలేదు.

పొద్దున లేచి, ఈ కింది మాటలు రాయకుండా కవరు అంటించేద్దామనుకున్నాను. జిగురు కూడా తడిపాను. పైన రాసినవన్నీ ఆదివారం నాటికి నిజాలే, నిన్నటి సంగతి నీకెలా తెలుస్తుంది? నువ్వు సరే అనేదానివేమో కూడా. అప్పుడు పాలు మళ్ళీ పొయ్యి మీద ఉండేవి, పక్కన బిడ్డ ఉండేది.

సరే అనకు. పురిటికి నువ్వే వెళ్ళు. అమ్మ ఎందుకు రాలేదని అది అడిగితే జ్వరమని చెప్పకు, తాగిందని చెప్పు. తాతని అడ్డం పెట్టకు. అది ఏడుస్తుంది. బాలింత ఎక్కువ ఏడవకూడదు, కాస్త దగ్గర కూర్చో.